లండన్‌కు 50, మిగతా 70 డబ్బాలోకి

రెండేళ్ల ఉద్యోగానికి లండన్ వెళ్తున్నానని, 120 సిగార్లూ వెంట తీసుకెళ్లాలా, హైదరాబాద్‌లో తమ్ముడి దగ్గర ఉంచాలా అని అడిగారు. అన్నీ తీసుకెళ్లకండి. బ్రిటన్‌లో ఒక్కొక్కరికి సుంకం లేకుండా అనుమతించేది 50 సిగార్లే. ఒక్కటి మించినా, మించినదానికే కాదు, మొత్తానికీ సుంకం కట్టాలి. మంచివి 50 ఏరుకుని చేతి సంచిలో పెట్టుకోండి.

మిగతా 70ని చెక్క హ్యుమిడర్‌లో, అంటే సిగార్లు ఎండిపోకుండా తేమగా ఉంచే పెట్టెలో, వదలకండి. దానికి నీళ్లు పోస్తూ ఉండాలి. మా తమ్ముడు పోస్తానన్నాడు, పోయలేదు. తిరిగొచ్చి ముట్టుకుంటే పై ఆకు అప్పడంలా విరిగింది! గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో, 65 శాతం తేమ నిలిపే ప్యాకెట్లతో పెట్టండి. ప్యాకెట్ గట్టిపడితే మార్చడమే మీ తమ్ముడి పని.

అసలు భయం వేసవితో. 25 డిగ్రీలు దాటితే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి, సిగార్‌కు సూదితో పొడిచినట్టు రంధ్రాలు పడతాయి. అందుకే ముందుగా గాలి తీసిన సంచిలో ఒకరోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే డబ్బాలోకి మార్చండి. డబ్బాను అటక మీద మాత్రం పెట్టనివ్వకండి. ఎండ తగలని లోపలి గదిలో, నేలకు దగ్గరగా ఉన్న అలమర చాలు.