చేలోని టేకు మొద్దులు తవ్వించకండి, మీ కేసు వాటి మీదే నిలబడింది

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా. ముప్పై ఏళ్ళ క్రితం మా నాన్న పొలం గట్టు వెంట నాటిన టేకు చెట్లలో 14 పోయిన వేసవిలో కొట్టాను. చెయిన్ మిషన్‌కు ఫ్రేమ్ బిగించి చేలోనే పలకలు కోసి, అక్కడే దుంగలతో చిన్న ఇల్లు కట్టుకున్నాను. చుట్టుపక్కల చేలవాళ్ళు కూలి తీసుకోకుండా బదులుకు వచ్చారు, ఒకాయన ట్రాక్టర్ ఇచ్చాడు. గట్టు గొడవ ఉన్న పక్క చేను ఆయన ఫారెస్టు వాళ్ళకు ఫిర్యాదు చేశాడు. వాళ్ళు మిగిలిన పలకలు, ట్రాక్టర్ జప్తు చేసి, ఒక కాగితం మీద నా సంతకం తీసుకున్నారు. తర్వాత నోటీసు వచ్చింది, భయపడి జవాబు ఇవ్వలేదు. 19 రోజుల క్రితం జప్తు ఖరారు చేస్తూ ఆర్డర్ వచ్చింది, కలప రిజర్వ్ ఫారెస్టుదని అందులో రాశారు. సా మిల్లు నడిపే ఒకాయన పాత తేదీతో బిల్లు ఇస్తానంటున్నాడు. మొద్దులు జేసీబీతో తవ్వించేస్తే సాక్ష్యం ఉండదని ఇంకొకరు చెబుతున్నారు. నాన్న గుర్తుగా కట్టుకున్న ఇల్లు ఇది. ఇంత ద్రోహం చేసిన ఆయన మీద పరువు నష్టం కేసు వేయవచ్చా?

జవాబు: మీరు పంపిన మూడు పేజీల్లో రెండున్నర పేజీలు పక్క చేను ఆయన గురించే ఉన్నాయి. ఆయన మీ పెళ్ళికి రాకపోవడం, మీ నాన్నగారితో పాత మాటలు, బోరు గొడవ అన్నీ చదివాను. వాటిలో ఒక్కటి కూడా ఈ కేసుకు పనికిరాదు. పరువు నష్టం కేసు వేయకండి. చర్య తీసుకునే అధికారం ఉన్న ఆఫీసుకు సదుద్దేశంతో ఫిర్యాదు చేస్తే అది పరువు నష్టం కాదని బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356లోనే మినహాయింపు ఉంది. పైగా అనుమతి లేకుండా టేకు కొట్టారని ఆయన చెప్పిన మాట అబద్ధం కాదు కదా.

మీ కేసును తేల్చేది ఒకే ఒక్క ప్రశ్న: ఆ కలప ఏ నేలలో పెరిగింది? మీ చేలో పెరిగిందని చూపగలిగితే మీ తప్పు అనుమతి లేకుండా కొట్టడం వరకే. చూపలేకపోతే రిజర్వ్ ఫారెస్టు కలప దొంగిలించినవాళ్ళ లెక్కలో పడతారు. మొదటిదానికి జరిమానాతో బయటపడే దారి ఉంటుంది, అటవీ చట్టంలో రాజీ రుసుము కట్టి ముగించే ఏర్పాటూ ఉంది. రెండోదాంట్లో కలప పోతుంది, ట్రాక్టర్ పోతుంది, క్రిమినల్ కేసు మిగులుతుంది.

ఇక తిట్టాల్సిన సంగతి. నోటీసు వచ్చినప్పుడు ఎందుకు జవాబు ఇవ్వలేదు? అటవీ చట్టం 1967, సెక్షన్ 44 కింద జప్తు ఖరారు చేసే ముందు నోటీసు ఇవ్వడం, మీ మాట వినడం తప్పనిసరి. ఆ అవకాశం చేతికి ఇచ్చినా మీరు వాడుకోలేదు కాబట్టి అధికారి తన ముందున్న కాగితాలు చూసి రాసేశాడు. ఇప్పుడు జిల్లా కోర్టులో అప్పీల్ వేయాలి, ఆర్డర్ మీకు అందిన రోజు నుంచి 30 రోజులు గడువు. మీరు మెయిల్ పంపేనాటికి 19 రోజులు అయిపోయాయి, ఇది చదివేసరికి ఇంకా తగ్గి ఉంటాయి. ఆలస్యం మాఫీకి పిటిషన్ వేసుకోవచ్చులే అని ఎవరైనా అంటే వినకండి, గడువు దాటాక 'నేను భయపడ్డాను' అనేది కోర్టు ఒప్పుకునే కారణం కాదు. ఆర్డర్ ఎప్పుడు అందిందో చూపే కవరు, పోస్టల్ ముద్ర జాగ్రత్త. చాలామంది కాగితం దాచుకుని కవరు పారేస్తారు, తీరా గడువు లెక్క దగ్గర ఆ కవరే కావాలి.

ట్రాక్టర్ కోసం మేజిస్ట్రేట్ కోర్టుకు పరుగెత్తమని కూడా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఫారెస్టు జప్తు ప్రక్రియ, క్రిమినల్ కేసు రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయని 1985లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. క్రిమినల్ కేసు కొట్టేస్తే ట్రాక్టర్ దానంతట అదే వచ్చేస్తుందని కూచుంటే వేలం అయిపోతుంది. అప్పీల్‌తో పాటే వేలం ఆపమని స్టే పిటిషన్ వేయించండి.

మొద్దుల సంగతికి వద్దాం. అవి మిమ్మల్ని పట్టిస్తాయని భయపడుతున్నారు, నిజానికి మిమ్మల్ని కాపాడేవి అవే. గట్టు వెంట వరసగా, ఇంచుమించు సమాన దూరంలో 14 మొద్దులు ఉన్నాయంటే అవి ఎవరో నాటిన చెట్లవని చూడగానే తెలుస్తుంది, అడవిలో చెట్లు అలా లైనుగా మొలవవు. టేకు మొద్దు కొట్టాక పిలకలు వేస్తుంది. పోయిన వేసవిలో కొట్టారన్నది నిజమైతే ఆ పిలకల ఎదుగుదల కూడా దానికి సరిపోవాలి. టేకులో వలయాలు బాగా కనిపిస్తాయి, మీ నాన్నగారు నాటి ముప్పై ఏళ్ళు అయిందంటే మొద్దు మీద లెక్క దానికి దగ్గరగా రావాలి. ఇంట్లో వాడిన దుంగల మొదలు చుట్టుకొలత మొద్దు చుట్టుకొలతతో పోల్చవచ్చు. ఇవన్నీ మాట్లాడే సాక్ష్యాలు. జేసీబీ పెట్టి తవ్వించిన మరుక్షణం 'అనుమతి లేకుండా కొట్టాడు' అన్నది అలాగే ఉంటుంది, 'తన చేలోవే కొట్టాడు' అన్నది పోతుంది, పైగా సాక్ష్యం మాయం చేశాడని కొత్త కేసు. ఆ సలహా ఇచ్చినాయన మీకు స్నేహితుడో కాదో నాకు తెలియదు.

రేపు ఉదయమే చేయాల్సింది చెబుతాను. ప్రతి మొద్దు పక్కన నంబరు రాసిన కర్ర పాతండి (కోసిన ముఖం మీద రంగు వేయకండి, వలయాలు కనపడవు), టేపు పెట్టి చుట్టుకొలత కొలిచి, టేపు కనిపించేలా ఫోటో తీయండి. గట్టు మొత్తం ఒకే చట్రంలో పడేలా దూరం నుంచి కూడా తీయండి. ఆ ఫోన్ అమ్మకండి, ఫార్మాట్ చేయకండి, ఫోటోలు వాట్సాప్‌లో పంపుకుని అసలువి తీసేయకండి. కోర్టులో పెట్టేటప్పుడు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేయాలి, అది మీ వకీలు చూసుకుంటాడు, కానీ అసలు ఫైలు మీ దగ్గరే ఉండాలి. ఇల్లు కడుతున్నప్పుడు తీసిన ఫోటోలు, చెట్లు నిలబడి ఉన్న పాత పెళ్ళి ఫోటోలో పండగ ఫోటోలో ఉంటే వెతకండి. ఉపగ్రహ చిత్రాల్లో వెనకటి ఏళ్ళవి చూసే వీలుంది, గట్టు మీద చెట్ల వరస కనిపిస్తే అది చాలా బలమైన కాగితం.

ఇంకో లెక్క ఉంది, ఇది కొంచెం కఠినం. జప్తు చేసిన పలకలు, ఇంట్లో వాడిన దుంగలు, కోతలో పోయిన పొట్టు, అంచులు అన్నీ కలిపితే 14 చెట్లకు సరిపోవాలి. పంచనామాలో క్యూబిక్ మీటర్లలో కొలత రాసి ఉంటారు, ఆ కాపీ తీసుకోండి. లెక్క ఎక్కువ వస్తే ఆ మిగులు ఎక్కడిదని అడుగుతారు. పక్కూరి నుంచి రెండు దుంగలు తెచ్చాను లాంటి సంగతి ఏదైనా ఉంటే మీ వకీలుకు ఇప్పుడే చెప్పండి, కోర్టులో ఎదుటివాళ్ళ నోట విననివ్వకండి. అదే పంచనామాలో ఇంకోటి చూడండి: రిజర్వ్ ఫారెస్టులో ఏ బీటులో, ఏ కంపార్ట్‌మెంట్‌లో (ఫారెస్టు వాళ్ళు అడవిని విడగొట్టుకున్న భాగాలు ఇవి) చెట్లు పోయాయని రాశారు? అక్కడ తాజా మొద్దులు చూసి నమోదు చేశారా? ఆ వివరం లేకుండా ఊరికే 'రిజర్వ్ ఫారెస్టు కలప' అని రాసి ఉంటే మీ వకీలు మొదటి వాదన అదే.

సంతకం పెట్టిన కాగితంలో ఏముందో మీకు తెలియదంటున్నారు. చదవకుండా సంతకం ఎలా పెట్టారండీ? ఫారెస్టు అధికారి పోలీసు కాదన్న కారణంతో అలాంటి వాంగ్మూలాన్ని కోర్టులు పక్కన పెట్టకపోవచ్చు. 'అనుమతి లేకుండా నా చేలో టేకు కొట్టాను' అని ఉంటే బాధ లేదు, అది నిజమే. 'అడవిలో కొట్టాను' అని ఉంటే అది నేను చెప్పింది కాదని అప్పీల్‌లోనే స్పష్టంగా రాయాలి. సర్టిఫైడ్ కాపీకి ఈ రోజే దరఖాస్తు పెట్టండి.

సా మిల్లు బిల్లు. ఇది మాత్రం వినండి, దయచేసి. ఆ బిల్లు చేతిలోకి తీసుకున్న రోజు మీరు చిన్న తప్పు నుంచి పెద్ద నేరంలోకి నడిచి వెళ్తారు. సా మిల్లులకు లైసెన్స్ ఉంటుంది, స్టాక్ రిజిస్టర్ ఉంటుంది, అందులో వచ్చిన దుంగ, పోయిన పలక రాసి ఉంటాయి, ఫారెస్టు వాళ్ళు దాన్ని తనిఖీ చేస్తారు. వెనక తేదీ బిల్లు ఆ రిజిస్టర్‌తో కలవదు. దొంగ కాగితం తయారు చేయడం, దాన్ని అసలుదని వాడడం బీఎన్ఎస్ 336, 340 కింద నేరాలు. అంతకన్నా ముందు, కలప కొన్నానని ఒక్కసారి రాశాక 'మా నాన్న నాటిన చెట్లు' అన్న మాట ఇక అనలేరు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే. నిజం మీ వైపు ఉన్నప్పుడు అబద్ధం కొనుక్కోవడం ఏం తెలివి?

బదులుకు వచ్చినవాళ్ళే ఇప్పుడు మీకు సాక్షులు. చెట్టు పడినప్పుడు తాడు లాగినాయన, మిషన్ పట్టినాయన, దూలాలు ఎత్తినవాళ్ళు, ఒక్కొక్కరు తాము కళ్ళారా చూసింది తమ మాటల్లో అఫిడవిట్‌గా ఇవ్వాలి. అందరికీ ఒకే మాటలు టైపు చేయించి సంతకాలు పెట్టిస్తే జడ్జి ఒక్క చూపులో పట్టేస్తాడు. తమనీ కేసులో ఇరికిస్తారని వాళ్ళు భయపడడం సహజం, వాళ్ళను బతిమాలకండి, బెదిరించకండి, మీ వకీలు దగ్గరకు తీసుకెళ్ళి ఆయనతో మాట్లాడించండి. ఫిర్యాదు చేసిన ఆయన దగ్గరకు మాత్రం రాయబారం పంపకండి, అది సాక్షిని బెదిరించినట్టు రాయించేస్తారు. గట్టు ఉమ్మడిదని తేలితే ఆయన తన వాటా చెట్ల విలువ అడగవచ్చు, దానికి 3 ఏళ్ళ గడువు ఉంది. అది వేరే సివిల్ తగాదా, సర్వేయర్‌తో కొలిపించుకుని తర్వాత తేల్చుకోండి.

ట్రాక్టర్ ఇచ్చినాయన అప్పీల్ ఆయనే విడిగా వేసుకోవాలి, వీలైతే వేరే వకీలుతో. తనకు తెలియకుండా, తాను తగిన జాగ్రత్త తీసుకున్నా బండి నేరానికి వాడారని బండి యజమాని చూపాలి అన్నది చట్టంలో ఆయనకున్న రక్షణ, అది మీ రక్షణ కాదు. బండి ఎక్కడ పట్టుబడిందన్నది ఇక్కడ ముఖ్యం. సొంత టేకు అయినా పర్మిట్ లేకుండా రోడ్డెక్కితే రవాణా నియమాల ఉల్లంఘనే (సుబాబుల్, యూకలిప్టస్, సరుగు సంగతి వేరు, టేకుకు ఆ వెసులుబాటు లేదు). మీరు చెప్పినట్టు బండి చేలోనే ఆగి ఉంటే, ఆర్డర్‌లో 'రవాణా చేస్తుండగా' అని రాసి ఉంటే, ఆ తేడాను సాక్షులతో చెప్పించాలి.

మిషన్ గురించి ఒక మాట. మీ కలప మీరు కోసుకున్నంత వరకు అది సా మిల్లు కాదని వాదించే వీలుంది. బదులుకు వచ్చినవాళ్ళ దుంగలు కూడా డబ్బు తీసుకుని కోసి పెట్టి ఉంటే లైసెన్స్ లేని మిల్లు నడిపారంటారు. ఏం జరిగిందో అది మీ వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంత రాశారు గానీ అసలు అడగాల్సిన వివరం రాయలేదు. ఆ భూమి పట్టానా, అసైన్డా, పోడు హక్కు పత్రం భూమా? నేనిక్కడ చెప్పిందంతా పట్టా భూమి అనుకుని చెప్పాను. మిగతా రెండిటిలో ఏదైనా అయితే చెట్ల మీద హక్కు దగ్గరే గొడవ మొదలవుతుంది, లెక్క మారిపోతుంది. పాస్‌బుక్, భూభారతి కాపీ, ఆర్డర్, కవరు, నోటీసు, ఫోటోలున్న ఫోన్ తీసుకుని సోమవారం కోర్టు తెరిచే సమయానికి వకీలు దగ్గర ఉండండి. జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి మొద్దులు కొలవమని కోరుతూ ఫారెస్టు డివిజనల్ ఆఫీసర్‌కు అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి. వాళ్ళు రాకపోయినా మీరు పిలిచినట్టు రసీదు ఉంటుంది, అప్పుడు చేను చూసి రిపోర్టు ఇచ్చే కమిషనర్‌ను పంపమని కోర్టునే అడగవచ్చు.

అప్పీల్ తేలేదాకా ఇంటికి కొత్త పలక వేయకండి, ఉన్నది తీయకండి, చెత్త తగలబెట్టే వంకతో గట్టు మీద నిప్పు పెట్టనివ్వకండి. ఇంటికి గ్రామ పంచాయతీ అనుమతి ఉందా అన్నది ఇప్పుడు అడగను, అప్పీల్ నంబర్ పడ్డాక రాయండి, అప్పుడు చూద్దాం.