ఉన్న పరిశ్రమలను నిలుపుకునే కార్యక్రమానికి పత్రికా ప్రచారం ఎలా ఉండాలి?

గుంటూరులో మీ సంఘం చిన్న పరిశ్రమల యజమానులను కలిసి, వారి ఇబ్బందులు కనుక్కొని, వారు ఊరు విడిచి వెళ్లకుండా చూసే కార్యక్రమం మొదలుపెట్టిందనీ, పత్రికల్లో వార్త వచ్చినా అధికారులు గానీ సభ్యులు గానీ స్పందించలేదనీ మీరు రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో ఇటువంటి ప్రయత్నానికే ప్రచార బాధ్యత చూసినవాడిగా నా సలహా ఒక్కటే: తీరిన ఇబ్బందిని వార్తగా పంపండి.

జ్యోతి ప్రజ్వలన ఫొటో, వేదికనలంకరించిన వారి పేర్లు చూసి ఎవరూ సంఘానికి ఫోన్ చేయరు. మాకు ఆదరణ తెచ్చిపెట్టిన వార్త చాలా చిన్నది. లారీ బాడీలు కట్టే షెడ్లున్న ఒక వీధిలో మురుగు కాలువ పూడిపోయి, వాన పడితే చాసిస్‌ను షెడ్డులోకి తెచ్చే వీలులేక పని ఆగిపోయేది. సర్వేకు వెళ్లిన మా సభ్యులు అది రాసుకొని, అర్జీ పెట్టి, వెంటపడి పూడిక తీయించారు. నీళ్లు నిలిచిన వీధి ఫొటోనూ, అదే చోట వెల్డింగ్ చేస్తున్న కార్మికుల ఫొటోనూ పక్కపక్కన పెట్టి జిల్లా పేజీకి పంపాము. క్యాబిన్ కట్టే మేస్త్రి, టింకరు, పెయింటరు, సీట్లు కుట్టే మనిషి, ఎదుటి టీ కొట్టు యజమాని, ఇలా ఆ షెడ్డు మీద ఆధారపడి బతికేవారందరినీ అందులో ప్రస్తావించాము. అంతకుముందు మా సర్వే ప్రశ్నావళిని పక్కన పెట్టేసిన యజమానులు, అది చదివాక తామే కబురు పంపారు. పూడిక తీయించిన ఇంజినీరుకు వార్తలో కృతజ్ఞతలు చెప్పడం కూడా మేలు చేసింది. తర్వాతి అర్జీలతో వెళ్లినప్పుడు కుర్చీ వేసి మాట్లాడారు.

యజమానులు మీతో చెప్పుకున్న అప్పులు, తరలిపోవాలన్న ఆలోచనలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విలేకరులకు చేరకూడదు. ఫలానా యూనిట్ మూతపడబోతోందని అచ్చయితే బ్యాంకు వెనకాడుతుంది, సరుకు అరువిచ్చేవారు నగదు అడుగుతారు, పనివాళ్లు వేరే చోటు వెతుక్కుంటారు. నిలబెట్టాలనుకున్న పరిశ్రమను మనమే పడగొట్టినట్లవుతుంది. అందుకే ప్రతి వార్తకూ యజమాని రాతపూర్వక అనుమతి తీసుకోండి.

పరిష్కారాలు సమకూరేలోగా, పనికొచ్చే సమాచారంతో వార్తలు ఇవ్వవచ్చు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం ప్రకారం, ఉద్యమ్ అనే కేంద్ర ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న పరిశ్రమకు కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకు మించకుండా బాకీ చెల్లించాలి. లేకుంటే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ పడుతుంది, ఇటువంటి బాకీల తగాదాలు విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. నేను కలిసిన యజమానుల్లో చాలామందికి ఈ సంగతి తెలియదు. ఇది అచ్చయిన రోజు మీ సంఘం ఫోన్ నంబరు కిందనే ఉండేలా చూడండి, ఆ ఫోన్ ఎత్తి ఓపికగా వివరించే మనిషిని ముందే సిద్ధం చేసుకోండి.

మరొక్క మాట. మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే నెలల్లో మీ జిల్లా పేజీల్లో చోటు దొరకడం కష్టం కాబట్టి, ముఖ్యమైన వార్తలను వానాకాలంలో పంపండి.