నాన్న పోయాక పీఎం కిసాన్, రైతు భరోసా ఆగిపోతే: మా ఇంట్లో జరిగింది

మీ నాన్నగారు పోయాక కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా రెండూ ఆగిపోయాయని, అమ్మగారికి రావాలంటే ఒక్క దరఖాస్తు సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. ముందు భూమి అమ్మగారి పేరు మీదికి ఎక్కాలి. ఆ తర్వాత దేని దారి దానిదే.

మాది వరంగల్ వైపు, మూడెకరాల పత్తి చేను. 2022 చలికాలంలో నాన్న పోయారు. ఆ తర్వాత కూడా ఆయన ఖాతాలో ఒకసారి రెండు వేలు పడ్డాయి. కార్డు ఇంట్లోనే ఉంది కదా, తీసుకోమన్నారు ఊళ్లో. మీరు మాత్రం ఆ పని చేయకండి, అది వెనక్కి కట్టాల్సిన డబ్బు. మేం మరణ ధ్రువపత్రం జిరాక్సు ఏఈఓకి (వ్యవసాయ విస్తరణ అధికారికి) ఇచ్చి నాన్న పేరు తీయించాం.

విరాసత్‌కి, అంటే భూమి వారసుల పేరు మీదికి మార్చడానికి, అప్పట్లో ధరణి అనే భూముల పోర్టల్‌లో స్లాట్ బుక్ చేసుకున్నాం, ఇప్పుడు భూభారతి వచ్చింది. చెల్లెలు కూడా వచ్చి సంతకం పెట్టింది. ఆడపిల్లల సంతకం దగ్గర చాలా ఇళ్లలో గొడవలవుతున్నాయి. అది వాళ్ల హక్కు, ముందే కూర్చోబెట్టి మాట్లాడండి.

కొత్త పాస్‌బుక్కు పట్టుకుని పీఎం కిసాన్‌కి వెళ్తే, "2019 ఫిబ్రవరి 1 తర్వాత పట్టా అయింది, రాదు" అని ఒకాయన తిప్పి పంపాడు. ఆ తేదీ నిబంధన నిజమే. కానీ పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మినహాయింపు ఉంది. ఆ మాట గట్టిగా చెప్పండి.

దరఖాస్తు ఆమోదం పొందాక స్టేటస్‌లో మూడు చూడాలి: ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూడటం), భూమి వివరాలు, బ్యాంకుకి ఆధార్ లింకు. ఏది 'నో' అని ఉందో తెలియకుండా ఆఫీసుల చుట్టూ తిరిగితే రోజు కూలీ పోవడమే. పత్తి ఏరి ఏరి అమ్మ వేళ్లు అరిగిపోయాయి, ఈకేవైసీకి ఐదుసార్లు వేలిముద్ర పెట్టినా మిషను తీసుకోలేదు. చివరికి పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపిస్తే అయింది.

ఇక మూడూ 'ఎస్' అయ్యాయి, డబ్బు పడ్డట్టు చూపిస్తోంది, బ్యాంకు పుస్తకంలో మాత్రం లేదు. రెండు కిస్తులు అలాగే గడిచాయి. ఆధార్ మీద వచ్చే డబ్బు మనం రాసిచ్చిన ఖాతాలో పడదట, ఆధార్ చివరగా ఏ ఖాతాకి ముడిపడిందో అందులో పడుతుందట. ఊళ్లోకి పోస్టువాళ్లు వచ్చినప్పుడు అమ్మ ఒక ఖాతా తెరిచింది. దేవుడి పటం వెనక పెట్టిన ఆ కార్డు తీసుకెళ్తే నాలుగు వేలూ అందులోనే ఉన్నాయి. మీ అమ్మగారికి ఎన్ని ఖాతాలున్నాయో ముందు అడగండి.

రైతు భరోసాకి పాస్‌బుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు విడిగా ఏఈఓకివ్వాలి. ఇప్పుడు ఎకరానికి పంటకి 6000. సీజన్ కటాఫ్ తేదీ దాటాక పాస్‌బుక్కు వస్తే వచ్చే పంట దాకా ఆగాల్సిందే.

మీరు అడగలేదు గానీ, నాన్నగారి వయసెంత? 59 లోపు అయి, రైతు బీమాలో పేరుంటే నామినీకి 5 లక్షలు వస్తాయి. మా నాన్నకి 61, మాకు రాలేదు. మీరు రేపే ఏఈఓ దగ్గర ఆ జాబితా చూపించమని అడగండి, నామినీగా ఎవరి పేరుందో కూడా చూడండి.