పాతికేళ్ళ సిగరెట్ మానాలనుకుంటున్న మా మేనల్లుడికి

అల్లుడూ,

నిన్న ఫోన్లో "నా వల్ల కాదు మావయ్యా, నాకు విల్ పవర్ లేదు" అన్నావు చూడు, అక్కడి నుంచే మొదలుపెడతా, ఎందుకంటే ఆ మాట నేను ఒప్పుకోను. ఏటేటా అయ్యప్ప మాల వేసుకుంటావు, 41 రోజులు సిగరెట్ ముట్టవు, మరి ఆ 41 రోజులూ మానింది నువ్వే కదా. నీకు చేతకాకపోతే అదెలా అయ్యింది?

మాలలో ఉన్నప్పుడు నీ చుట్టూ ఏం మారుతుందో ఒకసారి నిదానంగా ఆలోచించు. తెల్లారకముందే చన్నీళ్ళ స్నానం, కాబట్టి లేవగానే మంచం మీదే వెలిగించే సిగరెట్ ఎగిరిపోయింది. బజారు మొత్తానికి నువ్వు స్వామివని తెలుసు, టీ కొట్టు దగ్గర ఎవరూ పెట్టె చాపరు, నువ్వు అడిగినా "ఇదేంటి స్వామీ" అంటారు. తిండి మారింది, పడక మారింది, సాయంత్రం పూట పాత బ్యాచ్ బదులు భజన, పక్కన నీలాగే మానేసిన తోటి స్వాములు, మాట తప్పితే అడగడానికి గురుస్వామి. దేవుడి మీద భక్తి ఉంది, అది పెద్ద బలమే నేను కాదనట్లేదు, కానీ దాంతో పాటు ఇంత ఏర్పాటు కూడా ఉంది. కొండకెళ్ళొచ్చి మాల తీసిన రోజు ఈ ఏర్పాటు అంతా ఒక్క పూటలో మాయమైపోతది, అదే టీ కొట్టు అదే బెంచీ అదే స్నేహితుడు "తీసేశావుగా ఇంకేంటి" అని వాడే వెలిగించి ఇస్తాడు. నీకు పోయింది మనసు గట్టితనం కాదురా, ఏర్పాటు. ఈసారి మాలతో సంబంధం లేకుండా అలాంటి ఏర్పాటు నువ్వే కట్టుకోవాలి, అది ఎట్లాగో చెప్తా. నేను మానేసి చాలా కాలమైంది, ఆ తర్వాత మా డిపోలో డ్రైవర్లు మెకానిక్కులు చాలామంది మానేటప్పుడు పక్కనే ఉండి చూశా, అందుకని ధైర్యంగా చెప్తున్నా.

ముందు ఒక తేదీ పెట్టుకో. వారం పది రోజుల్లోపు ఉండాలి, పెళ్ళిళ్ళు ప్రయాణాలు స్టాక్ లెక్కలు లేని వారం చూసుకో. కొంచెం కొంచెం తగ్గిస్తా అంటావేమో, చాలామంది అక్కడే ఇరుక్కుపోతారు, పది కాల్చేవాడు ఐదుకి తగ్గించి ఆ ఐదూ గట్టిగా లోపలికి లాగి వేళ్ళు కాలేదాకా పీకతో సహా లాగేస్తాడు, ఒంట్లోకెళ్ళే నికోటిన్ పెద్దగా ఏం తగ్గదు. తేదీ రోజు నుంచి మొత్తం బంద్, అదే మేలు. ఆ తేదీకి ముందు మూడు నాలుగు రోజులు మాత్రం బాకీల పుస్తకంలో వెనక పేజీ తీసి ప్రతి సిగరెట్టూ రాయి, ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎందుకు అని. నీకే తెలుస్తది, రోజుకి రెండు పెట్టెలు కాలుస్తున్నా నిజంగా నాలిక పీకి కాల్చేవి ఐదారే ఉంటాయి, మిగతావి చెయ్యి ఖాళీగా ఉండి, టీ చేతికొచ్చి, ఎవడో బాకీ ఎగ్గొట్టి, పక్కోడు వెలిగించాడని వెలిగించినవి. ఒక్కోదానికీ ఒక్కో మందు ఉంటది.

పొద్దున్నే బాత్రూంకి వెళ్ళే ముందు తాగేది ఉంది చూడు, దాని గురించి సిగ్గుపడి ఎవరూ మాట్లాడరు కానీ నేను చూసినవాళ్ళలో సగం మంది ఓడిపోయేది అక్కడే. సిగరెట్ వెలిగిస్తేనే మోషన్ వస్తది, లేకపోతే రోజంతా కడుపు ఉబ్బరం, చిరాకు, ఇంక పదకొండింటికి "ఒక్కటి తాగొస్తా" అని వెళ్ళిపోతారు. ఇది నిజమే, నికోటిన్ పేగుల్ని కదిలిస్తది, మానగానే కొన్నాళ్ళు మలబద్ధకం వస్తది. దానికి ముందే సిద్ధంగా ఉండు. రాత్రి పడుకునేముందు ఇసబ్గోల్ ఒక స్పూను గ్లాసు నిండా నీళ్ళలో, పొద్దున లేవగానే రెండు గ్లాసులు గోరువెచ్చని నీళ్ళు, కాసేపు నడక, రోజూ జామకాయో బొప్పాయో. మొదటి వారం మోషన్ సరిగ్గా రాకపోయినా కంగారు పడొద్దు, రెండు మూడు వారాల్లో పేగులు వాటంతట అవే దారికొస్తాయి.

టీ సంగతి కూడా చెప్పాలి. సిగరెట్ తాగేవాళ్ళ ఒంట్లో టీ కాఫీల్లోని కెఫీన్ తొందరగా కరిగిపోతది, మానేశాక అదే టీ రెట్టింపు పనిచేస్తది. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, ఇవన్నీ సిగరెట్ మానడం వల్లే అనుకుని భయపడతారు, సగం టీ వల్ల. కాబట్టి రోజుకి ఆరు టీలు తాగే నువ్వు మూడుకి రా, అవి కూడా షాపుకే తెప్పించుకో, నెల రోజులు ఆ కొట్టు బెంచీ మీద కూర్చోవద్దు. నోట్లో వేసుకోడానికి సోంపు, లవంగం, ఏలక్కాయ పెట్టుకో. వక్కపొడి వద్దు, ఖైనీ గుట్కా అసలే వద్దు, ఒక గోతిలోంచి లేచి ఇంకో గోతిలో పడినట్టు అయిద్ది. ఈ-సిగరెట్ అని ఎవడైనా చెప్తే వినకు, అది 2019 నుంచే మన దేశంలో నిషేధం.

ఇక మందులు. మందు వాడితే మగతనం తక్కువైనట్టు చూస్తారు మనవాళ్ళు, అది నాకు చాలా బాధగా ఉంటది. పాతికేళ్ళ అలవాటుని బీపీ లాగా షుగర్ లాగా ఒంటికి పట్టిన జబ్బుగానే చూడాలి. మెడికల్ షాపులో నికోటిన్ గమ్ దొరుకుతది, 2 ఎంజీ, 4 ఎంజీ అని రెండు రకాలు. లేచిన అరగంటలోపే మొదటిది వెలిగించే నీలాంటి వాళ్ళకి 4 సరిపోతది, దానికి డాక్టర్ చీటీ అడుగుతారు. గమ్ పనిచెయ్యలేదు అని చెప్పేవాళ్ళు ఎక్కువమంది దాన్ని బబుల్ గమ్ లాగా నమిలి మింగేసినవాళ్ళే. అలా కాదు, మెల్లగా కొన్నిసార్లు నమిలితే నోట్లో మిరియం ఘాటు లాంటిది వస్తది, అప్పుడు ఆపి బుగ్గకీ చిగుళ్ళకీ మధ్య పెట్టుకో, ఘాటు తగ్గాక మళ్ళీ నములు, మళ్ళీ బుగ్గన పెట్టు, అలా అరగంట. గమ్ వేసుకునే ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపూ టీ, కూల్ డ్రింక్, నిమ్మరసం ఏదీ తాగొద్దు, తాగితే మందు ఒంటికి పట్టదు. నాలిక పీకే దాకా ఆగకుండా మొదట్లో గంటకో రెండు గంటలకో ఒకటి వేసుకో, తర్వాత మెల్లగా తగ్గించి మూడు నెలల్లో ఆపెయ్. ఒంటికి అంటించుకునే ప్యాచ్ ఉంది, బుప్రోపియాన్, వారెనిక్లిన్ అని మాత్రలున్నాయి, ఆ మాత్రలు తేదీకి వారం ముందే మొదలుపెట్టాలి, డాక్టర్ రాస్తేనే వాడాలి, ఫిట్స్ ఉన్నవాళ్ళకి బుప్రోపియాన్ పనికిరాదు. నీకు బీపీ ఉంది కాబట్టి ఎలాగూ డాక్టర్ దగ్గరికి వెళ్ళే మొదలుపెట్టు. ఆస్తమాకో మనసుకో మందులు వాడేవాళ్ళు మాత్రం సిగరెట్ మానుతున్నామని డాక్టర్ కి తప్పకుండా చెప్పాలి, కొన్ని మందుల డోసు మార్చాల్సొస్తది.

మనుషుల సంగతికొస్తా. దొంగచాటుగా మానెయ్యాలని చూడకు, నువ్వు ఓడిపోతే ఎవరికీ తెలియకూడదని దాచిపెడితే ఓడిపోవడం తేలికవుతది. ముందు మీ ఆవిడ సుజాతకి చెప్పు. చెప్పేటప్పుడే రెండు మాటలు అడుగు, మొదటిది రెండు మూడు వారాలు నాకు కోపం ఎక్కువొస్తది కాస్త ఓర్చుకో అని, రెండోది చొక్కా వాసన చూడొద్దు, జేబులు వెతకొద్దు అని. మీ అత్త నన్ను అలా వెతకనందుకే నేను తనకి నిజం చెప్పగలిగా. పిల్లలకీ చెప్పు, వాళ్ళు నీ మీద నిఘా పెట్టడానికి కాదు, నాన్న కష్టపడుతున్నాడని తెలియడానికి. టీ కొట్టు బ్యాచ్ లో ఒక్కడినైనా పక్కకి పిలిచి "నేను అడిగినా నాకివ్వొద్దు" అని చెప్పు, వాడూ మానతానంటే ఇంకా మంచిది, ఇద్దరూ ఒకే తేదీ పెట్టుకోండి.

బయట నుంచి సాయం కూడా తీసుకో. నువ్వు కాల్చే పెట్టె మీదే నంబరుంది చూడు, 1800-11-2356, అది ప్రభుత్వం వాళ్ళ క్విట్ లైన్, 2016లో ఢిల్లీలో మొదలైంది, తర్వాత బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రిలో కూడా పెట్టారు, మన దక్షిణాది భాషల వాళ్ళకి అక్కడి నుంచి మాట్లాడతారు, తెలుగులోనే చెప్పుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. ఒక్కసారి మాట్లాడి వదిలెయ్యరు, తేదీ పెట్టించి, మానేశాక వాళ్ళే మళ్ళీ ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడుగుతారు. చాలా జిల్లా ఆసుపత్రుల్లో, డెంటల్ కాలేజీల్లో మాన్పించే సెంటర్లు ఉన్నాయి, నోరు కూడా చూస్తారు కాబట్టి ఒకసారి వెళ్ళడం మంచిదే. మానేశాక మనసు మరీ దిగాలుగా ఉంటే, రోజుల తరబడి తగ్గకపోతే, 14416 కి చెయ్యి, అది టెలిమానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, అక్కడా తెలుగులో మాట్లాడతారు.

మొదటి రెండు మూడు రోజులే గట్టి రోజులు, అప్పుడు ఒళ్ళంతా గుంజుతది, చిరాకు, తలనొప్పి, దేని మీదా దృష్టి నిలవదు. తాగాలనిపించడం అల లాగా వస్తది, ఐదు పది నిమిషాల్లో దానంతట అదే వెళ్ళిపోతది, తాగినా పోతది తాగకపోయినా పోతది. ఆ కాసేపు ఏదో పని పెట్టుకో, షాపులో బేరింగులు సైజులవారీగా సర్దు, నీళ్ళు తాగు, నాకు ఫోన్ చెయ్. దగ్గు ముందుకన్నా ఎక్కువవ్వొచ్చు, ఊపిరితిత్తులు శుభ్రం చేసుకోవడం మళ్ళీ మొదలుపెడతాయి, అందుకు. మూడు నాలుగు వారాలు దాటాక కూడా తగ్గకపోయినా, రక్తం పడినా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే. నాలుగైదు కిలోలు పెరుగుతావు, పెరగనీ, అది తర్వాత చూసుకుందాం.

ఎప్పుడైనా చెయ్యి జారి ఒకటి తాగేశావనుకో, అది ఒకటే. "ఎలాగూ పోయింది" అని పెట్టె కొనొద్దు, అసలు నష్టం ఆ పెట్టెతోనే. ఆ పూటే నాకు చెప్పు, ఎక్కడ ఎలా జరిగిందో చూసి ఆ కన్నం మూసేద్దాం.

మన ప్రకాశం జిల్లాలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ల పక్కనే పెరిగాం, ఆ పంట మీదే మీ తాతయ్య మీ అమ్మ పెళ్ళి చేశాడు, నేను ఆ రైతుని ఒక్క మాట అనను. కానీ ఆ ఆకు పండించిన మా నాన్నే ఆఖరి రెండేళ్ళు అరుగు మీద కూర్చుని, ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ఊపిరి తీసుకునేవాడు, వీధి గుమ్మం దాకా నడవలేకపోయాడు. నువ్వు అప్పటికి చిన్నోడివి, నీకు గుర్తుండదు.

నీ వయసు దాటిపోయిందని మాత్రం అనుకోకు. బ్రిటన్ లో 1951 నుంచి యాభై ఏళ్ళు అక్కడి డాక్టర్లనే గమనించి 2004లో లెక్క చెప్పారు, నలభైలో మానేసినవాళ్ళకి సుమారు 9 ఏళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది, యాభైలో మానితే 6, అరవైలో మానినా 3. ఏడాది తిరిగేసరికి సిగరెట్ వల్ల పెరిగిన గుండె జబ్బు ముప్పు దాదాపు సగానికి పడిపోతది. నీకు నలభై ఆరు. పెద్దదాని పెళ్ళి, చిన్నోడి చదువు, అన్నీ ముందే ఉన్నాయి.

ఈ లెటర్ సుజాతకి కూడా చూపించు. బాకీల పుస్తకంలో రాయడం రేపే మొదలుపెట్టు, ఆదివారం ఒంగోలు నుంచి పొద్దున బస్సుకే వస్తా, ఆ పేజీ చూసి ఇద్దరం కూర్చుని తేదీ పెడదాం, సోమవారం డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా. తేదీ రోజు నుంచి మొదటి మూడు రోజులు నేను మీ ఇంట్లోనే ఉంటా, మీ అత్తకి చెప్పేశా. తెల్లారి నాలుగింటికే లేస్తా కదా, నిన్నూ లేపుతా, నడుద్దాం.

మీ మావయ్య