కొత్త సాఫ్ట్‌వేర్ వేశాక ఫైళ్లు తెరుచుకోకపోతే ఫార్మాట్ చేయించాల్సిందేనా?

అక్కర్లేదండీ. కనీసం కింద రాసినవి చూసేదాకా ఎవర్నీ ఫార్మాట్ మాట ఎత్తనివ్వకండి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది.

మీరు రాసిన దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ: పీడీఎఫ్‌లను వర్డ్‌లోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి వేశారు. అప్పట్నించీ పీడీఎఫ్, వర్డ్ ఫైళ్ల మీద డబుల్ క్లిక్ చేస్తే ఎర్రర్ వస్తోంది. చిరాకొచ్చి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే ఇంకా ముదిరింది, ఇప్పుడు ఈ ఫైల్‌ని దేనితో తెరవాలని కంప్యూటరే మిమ్మల్ని అడుగుతోంది. చూడ్డానికొచ్చినతను విండోస్ పాడైంది, ఫార్మాట్ ఒక్కటే దారి అన్నాడు.

తీసేశాక ముదిరింది అన్నారు చూశారా, నాకు ధైర్యం ఇచ్చిన మాట అదే. ఫైళ్లే పాడైపోయి ఉంటే, సాఫ్ట్‌వేర్ ఉన్నా తీసేసినా వచ్చే ఎర్రర్ ఒకేలా ఉండాలి. తీసేయగానే ఎర్రర్ మారిందంటే, తేడా వచ్చింది ఫైల్ లోపల కాదు, ఫైల్‌ని ఎవరు తెరవాలనే లెక్కలో.

ముందు అది రూఢి చేసుకోండి. డబుల్ క్లిక్ మానేసి, స్టార్ట్ మెనూలోంచి వర్డ్‌ని విడిగా తెరవండి. తెరిచాక లోపలున్న ఫైల్ మెనూలో ఓపెన్ నొక్కి, ఆ డాక్యుమెంట్ ఉన్న చోటికి వెళ్లి ఎంచుకోండి. పీడీఎఫ్ అయితే బ్రౌజర్ తెరిచి, ఫైల్‌ని మౌస్‌తో లాక్కొచ్చి ఖాళీ ట్యాబ్‌లో వదలండి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ పీడీఎఫ్ చూపిస్తాయి. ఇలా తెరుచుకుంటే మీ ఫైళ్లు భేషుగ్గా ఉన్నట్టే, ఇక కంగారు పడాల్సిందేమీ లేదు. తెరుచుకోకపోతే ఆ సంగతి వేరు, దాని గురించి తర్వాత చెప్తాను.

మా ఇంట్లో కంప్యూటర్‌కి సరిగ్గా ఇలాంటిదే జరిగింది. జిప్ ఫైళ్లు విప్పడానికి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం. మర్నాడు మా చెల్లి ఫోన్ చేసి, ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ పోయాయని దాదాపు ఏడుపు గొంతుతో చెప్పింది. వెళ్లి చూస్తే ఫైళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఏ వర్డ్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసినా డాక్యుమెంట్‌కి బదులు ఒక చిన్న కిటికీ తెరుచుకుని, అందులో 'వర్డ్' అని ఒక ఫోల్డర్, 'డాక్‌ప్రాప్స్' అని ఇంకొకటి, 'కంటెంట్ టైప్స్' అని ఒక ఎక్స్ఎంఎల్ ఫైల్ కనిపిస్తున్నాయి. 'వర్డ్' ఫోల్డర్ లోపల 'మీడియా' అని మరో ఫోల్డర్, దాంట్లో తను రిపోర్ట్‌లో పెట్టుకున్న ఫొటోలన్నీ వరసగా ఉన్నాయి.

అది చూడగానే విషయం తేలిపోయింది. ఆఫీస్ 2007 నుంచి వర్డ్ మామూలుగా సేవ్ చేసే డాక్స్ ఫైల్ నిజానికి ఒక జిప్ మూట. లోపల అక్షరాలు ఒక ఫైల్‌గా, బొమ్మలు వేరే ఫైళ్లుగా ఉంటాయి, పైన ఒక పేరు తగిలిస్తారు. కొత్తగా వచ్చిన విప్పే సాఫ్ట్‌వేర్ డాక్స్ కూడా తన సరుకే అనుకుని తీసుకుంది. అది చూపించినదాంట్లో అబద్ధం లేదు కూడాను! వర్డ్‌ని విడిగా తెరిచి ఓపెన్ కొడితే అదే రిపోర్ట్ పేజీ నంబర్లతో సహా ఎప్పటిలాగే వచ్చింది. డీఫాల్ట్, అంటే ఆ ఫైళ్లను మామూలుగా తెరిచే ప్రోగ్రామ్, మార్చేసరికి గొడవ తీరిపోయింది, మా చెల్లి మాత్రం ఆ రాత్రే మొత్తం పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంది.

ఇలా ఎందుకవుతుందంటే, డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ ఫైల్ లోపల ఏముందో చూడదు. పేరు చివర చుక్క తర్వాతున్న ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చూస్తుంది. ఈ ఎక్స్‌టెన్షన్‌ని ఫలానా ప్రోగ్రామ్ తెరవాలి అని రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసిపెట్టుకునే చిట్టాలో, రాసి ఉంటుంది. అందులో రెండు పొరలున్నాయి. ఒకటి కంప్యూటర్ మొత్తానికి, ప్రోగ్రామ్‌లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు తమ పేర్లు రాసుకునే చోటు. రెండోది మీ యూజర్ అకౌంట్‌కి మాత్రమే, మీరు స్వయంగా ఎంచుకున్నది. రెండోది ఉంటే దానిదే పైచేయి. విండోస్ 8 నుంచి దానికో రక్షణ కూడా పెట్టారు, ఏ ప్రోగ్రామ్ పడితే అది చడీచప్పుడు కాకుండా మీ ఎంపికను మార్చకుండా. కానీ మీరు ఎప్పుడూ ఏదీ ఎంచుకోని ఎక్స్‌టెన్షన్‌కి మొదటి పొరే గతి, అక్కడ ఇన్‌స్టాలర్ రాసిందే రాత. ఇక తీసేసేటప్పుడు చాలా ఉచిత సాఫ్ట్‌వేర్లు తమ ఫైళ్లు తుడుచుకుపోతాయి గానీ, తాము రాసిన పేరు చెరిపి పాత పేరు తిరిగి రాయవు. దాంతో మీ పీడీఎఫ్ ఇప్పుడు కంప్యూటర్‌లోనే లేని ప్రోగ్రామ్‌ని వెతుక్కుంటోంది. మీకు వస్తున్న ప్రశ్న అందుకే.

సరిచేయడం తేలిక. ఒక పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్, అందులో చూజ్ అనదర్ యాప్ నొక్కండి. మీకు కావాల్సిన ప్రోగ్రామ్ ఎంచుకోండి. విండోస్ 11లో అయితే కింద 'ఆల్వేస్', 'జస్ట్ వన్స్' అని రెండు బటన్లుంటాయి, ఆల్వేస్ నొక్కాలి. విండోస్ 10లో అయితే ఆల్వేస్ యూజ్ దిస్ యాప్ అనే గడిలో టిక్ పెట్టి ఓకే చేయాలి. ఈ టిక్ వదిలేసి, ప్రతిసారీ మళ్లీ అడుగుతోందని తిట్టుకునేవాళ్లు చాలామంది. తర్వాత డాక్స్‌కీ, పాత డాక్ ఫైల్‌కీ, ఎక్సెల్‌కీ విడివిడిగా ఇదే చేయాలి, ఎందుకంటే ఒక్కో ఎక్స్‌టెన్షన్‌ది ఒక్కో లెక్క. అన్నీ ఒకచోట చూసుకోవాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్, డీఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లండి. విండోస్ 11లో పైన వెతికే పెట్టెలో చుక్కతో సహా ఎక్స్‌టెన్షన్ కొడితే ప్రస్తుతం దాన్ని ఎవరు తెరుస్తున్నారో చూపిస్తుంది.

అదే పేజీలో డీఫాల్ట్‌లన్నీ ఒక్కసారిగా రీసెట్ చేసే బటన్ కూడా ఉంటుంది. నాకైతే అది నచ్చదు. అది మీ పాత ఏర్పాటును తిరిగివ్వదు, మైక్రోసాఫ్ట్ సిఫార్సు చేసినవి పెడుతుంది. మీరు ఇష్టపడి పెట్టుకున్న వీడియో ప్లేయరూ, బ్రౌజరూ కూడా పోతాయి.

ఈ పని చేసేముందు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి. విండోస్ మామూలుగా వాటిని దాచేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ చేస్తే సరి, విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఉంటుంది. మార్చే సాఫ్ట్‌వేర్లు ఒక్కోసారి ఫైల్‌కి రెండో ఎక్స్‌టెన్షన్ తగిలిస్తాయి, అది దాగి ఉంటే మీరెన్ని డీఫాల్ట్‌లు మార్చినా లాభం ఉండదు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టాక ఫైళ్లన్నిటి చివరా ఎప్పుడూ చూడని వింత పేరొకటి చేరి ఉండి, ప్రతి ఫోల్డర్‌లోనూ డబ్బు కట్టమనే నోట్ లాంటి టెక్స్ట్ ఫైల్ కనిపిస్తే, ఇది డీఫాల్ట్‌ల గొడవ కాదు, ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్. వెంటనే ఇంటర్నెట్ కట్ చేయండి, బ్యాకప్ డ్రైవ్ ఏదైనా పెట్టి ఉంటే తీసేయండి. మీరు చెప్పిన లక్షణాలు అలా లేవు గానీ, ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కణ్ణుంచి తెచ్చారో రాయలేదు కాబట్టి చెప్తున్నాను.

సరే, వర్డ్‌లోంచి ఓపెన్ కొట్టినా తెరుచుకోలేదనుకోండి. అప్పుడు ఎర్రర్‌లో ఏముందో చదవాలి. చదవకుండా ఓకే కొట్టేస్తాం గానీ జవాబు సగం అందులోనే ఉంటుంది. వీసీ రన్‌టైమ్ 140 డీఎల్ఎల్ (VCRUNTIME140.dll) కనపడలేదు అని ఉంటే, ప్రోగ్రామ్‌కి కావాల్సిన విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అనే భాగం లేదన్నమాట. దాన్ని మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తెచ్చుకోండి. ఆ ఒక్క డీఎల్ఎల్‌నే డౌన్‌లోడ్ ఇస్తామని ఊరించే సైట్లు సవాలక్ష ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. 64 బిట్ విండోస్ అయినా మీ ప్రోగ్రామ్ 32 బిట్‌ది కావచ్చు, అందుకని రెండు రకాలూ వేసుకోవడం మేలు. అనుమతి లేదు అనే ఎర్రర్ వస్తే యాంటీవైరస్ ఏమైనా అడ్డుకుందేమో దాని హిస్టరీలో చూడండి. డౌన్‌లోడ్ చేసిన ఫైల్ ఒక్కటే మొరాయిస్తుంటే, ముందు అది ఎవరు పంపారో మీకు తెలుసని నిర్ధారించుకోండి. ఆ తర్వాత దాని ప్రాపర్టీస్‌లో జనరల్ ట్యాబ్ కింద అన్‌బ్లాక్ అనే గడి ఉంటే టిక్ పెట్టండి.

ఫైలే పాడైందేమో అన్న అనుమానం ఇంకా పీడిస్తుంటే ఒక చిట్కా ఉంది. ఫైల్‌ని కాపీ చేసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌తో తెరవండి. పిచ్చి గీతలు కనిపిస్తాయి, భయపడకండి, సేవ్ మాత్రం చేయకండి. మొట్టమొదటి అక్షరాలు చూడండి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, దాని వెంటే పీడీఎఫ్ అనే మూడక్షరాలు ఉండాలి. డాక్స్ అయితే ఇంగ్లిష్ పీ, కే అక్షరాలతో మొదలవ్వాలి. అవి 1989లో జిప్ ఫార్మాట్ తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. డాక్స్ ఫైళ్లు ఇవాళ్టికీ ఆయన సంతకంతోనే మొదలవుతాయన్నమాట. ఆ మొదటి అక్షరాలు సరిగ్గా ఉంటే చాలావరకు ఫైల్ బతికే ఉన్నట్టు. లోపల మొత్తం ఖాళీగా ఉంటే మాత్రం అందులో సరుకు లేనట్టే, ఇక బ్యాకప్ వెతుక్కోవాలి.

డీఫాల్ట్‌లు మార్చినా నిలవకపోతే కొత్త యూజర్ అకౌంట్ ఒకటి సృష్టించి చూడండి. మీ ఎంపికల పొర మీ అకౌంట్‌కి మాత్రమే అని చెప్పాను కదా. ఫైల్ కాపీని పబ్లిక్ ఫోల్డర్‌లో పెట్టి, కొత్త అకౌంట్‌లోకి లాగిన్ అయి తెరవండి. అక్కడ చక్కగా తెరుచుకుంటే విండోస్ పాడవలేదని ఆ ఫార్మాట్ సలహా ఇచ్చినతనికే చూపించొచ్చు. డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్లన్నీ ఒకే ప్రోగ్రామ్‌లో తెరుచుకోవడం లాంటి విడ్డూరం ఉన్నా ఇదే పరీక్ష పనికొస్తుంది.

ఆ కన్వర్టర్‌తో పాటు మీకు తెలీకుండా ఇంకేమైనా దిగిందేమో కూడా చూడండి. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని కొడితే వ్యూ రిలయబిలిటీ హిస్టరీ వస్తుంది. ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయింది, ఏది కుప్పకూలింది అన్నీ తేదీల వారీగా ఉంటాయి. అదే రోజున మీరు వేయని పేరు కనిపిస్తే దాన్నీ తీసేయండి. విండోస్‌ని పాత తేదీనాటి స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రిస్టోర్ ఆన్‌లో ఉండి, ఆ తేదీకి ముందు అది దాచిన రిస్టోర్ పాయింట్ ఉంటే దానికి వెనక్కి వెళ్లొచ్చు. అది మీ డాక్యుమెంట్లను ముట్టుకోదు, కానీ ఆ తర్వాత వేసిన ప్రోగ్రామ్‌లు పోతాయి. చాలా కంప్యూటర్లలో అది ఆఫ్ అయి ఉంటుంది కాబట్టి ఆశలు పెట్టుకోవద్దు. రిజిస్ట్రీ క్లీనర్లు మాత్రం వేయకండి. ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టిన తంటాకి ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ మందు కాదు.

మ్యాక్ వాళ్లెవరైనా చదువుతుంటే: ఫైల్‌ని ఎంచుకుని కమాండ్, ఐ నొక్కండి. ఓపెన్ విత్ దగ్గర ప్రోగ్రామ్ మార్చి, కిందున్న చేంజ్ ఆల్ నొక్కితే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా కుదరకపోతే ఎర్రర్ మాటలు పొల్లుపోకుండా, నంబర్ ఉంటే నంబర్‌తో సహా ఇక్కడ రాయండి. విండోస్ 10నా, 11నా అన్నదీ, వర్డ్‌లోంచి ఓపెన్ కొడితే ఏమైందన్నదీ కూడా చెప్పండి. ఈలోపు ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. డబుల్ క్లిక్‌తో తెరుచుకోకపోయినా కాపీ అవడానికి ఏ ఇబ్బందీ ఉండదు.