గేటు అవతలి ఇల్లు తీసుకోమంటారా?

ప్రశ్న: మాది వనపర్తి. నాకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. ఆఫీసు గడియారం చౌరస్తా దగ్గర. ఏడో తరగతి చదివే పాపకు న్యూటౌన్‌లో బడి కుదిరింది. మా ఆయన రోజూ రైల్లో కాచిగూడ పోయి వస్తారు. రెండు ఇళ్లు చూశాం. ఒకటి షాసాబ్‌గుట్ట గల్లీలో, రెండు చిన్న గదులు. ఇంకొకటి రైలు గేటు అవతల కొత్త కాలనీలో. విశాలంగా ఉంది, కిరాయి కూడా 2,000 తక్కువ. కాకపోతే పాపా నేనూ రెండు ఆటోలు మారాలి, ఆటోకు మనిషికి 10 రూపాయలు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే కదా, దూరమైతే ఏమైందని ఆయన అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: పాలమూరుకు రండమ్మా. 1890లో పేరు మహబూబ్‌నగర్ అయినా మా నోట ఇప్పటికీ పాలమూరే.

గేటు అవతలి ఇల్లు వద్దు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను తొమ్మిదేళ్లు పాఠం చెప్పిన బడి ఒక రైలు గేటు అవతలే ఉండేది. ఇంట్లో ఎంత తొందరగా బయల్దేరినా గేటు పడిందంటే అంతే. ఎర్ర బిళ్ల ఉన్న ఆ అడ్డకర్ర ముందు ఎండలో నిలబడి గూడ్సు బండి డబ్బాలు లెక్కపెట్టేదాన్ని. నలభై దాటాక లెక్క తప్పేది. పక్కన కుర్రాళ్లు స్కూటర్లు పక్కకు వంచి కర్ర కింది నుంచి దూరిపోయేవాళ్లు. ఒకసారి వాళ్లను చూసి మా బడి పిల్లవాడొకడు సైకిలుతో అలాగే దూరబోతే, వాడి సంచి కర్రకు పట్టుకుంది. చేయి పట్టి వెనక్కి లాగాను. బడికి వెళ్లాక కూడా చాక్‌పీసు పట్టుకున్న చేయి వణుకుతూనే ఉంది. అందుకే మీ ఉత్తరంలో ఏడో తరగతి పాప అని చదవగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

అప్పుడు ఉన్నది ఒకటే లైను. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి ఇక్కడి దాకా 85 కిలోమీటర్లు రెండో లైను కూడా పడింది, 2023 ఏప్రిల్‌లో జాతికి అంకితం చేశారు. మీ ఆయనకు అది మంచి మాటే. ఎదురు బండి కోసం దారిలో ఆగే బాధ తగ్గింది. గేటు దగ్గర నిలబడేవాళ్ల సంగతి వేరు. ఒక రైలు పోయిందని స్కూటర్ స్టార్ట్ చేసుకుంటామా, అటు నుంచి ఇంకోటి వస్తుంటే గేటు తీయరు. ఆయన ఎక్కే రైలుకు కూడా మీ గేటు పడుతుందని ఆయనకు చెప్పండి.

ఇక డబ్బు లెక్క. పోను రాను ఒక్కొక్కరికి 40, ఇద్దరికీ 80. నెలకు పాతిక రోజులు వేసుకోండి, సరిగ్గా 2,000. మిగిలిందేమీ లేదు. ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది, పల్లెవెలుగుకూ ఎక్స్‌ప్రెస్‌కూ. వనపర్తిలో అమ్మను చూసి రావడానికి అది ఎంతో ఆసరా, ఆధార్ కార్డు పర్సులోనే ఉంచుకోండి. కానీ బస్సు మీ గల్లీ దాకా రాదు కదా. బడి వేళకు మీకు దిక్కు షేర్ ఆటోనే. అది నిండితే గానీ కదలదు.

షాసాబ్‌గుట్ట గదులు ఇరుకే, కాదనను. బండి పెట్టుకోవడానికి కూడా చోటు వెతుక్కోవాలి. కానీ మీరు ఆఫీసుకు నడిచి పోవచ్చు, సాయంత్రం వచ్చేటప్పుడు కూరగాయలు తెచ్చుకోవచ్చు. ఆయన రైలు ఆలస్యమై రాత్రి దిగినా ఊళ్లోకి ఆటో దొరుకుతుంది. కొత్త కాలనీ దాకా రమ్మంటే ఆ వేళ ఎంత అడుగుతాడో!

అయితే ఇంటాయన మాట నమ్మి అడ్వాన్స్ ఇవ్వకండి. నల్లా ఎన్ని రోజులకోసారి వస్తుందో, ఏ వేళకు వస్తుందో పక్కింటి ఆడవాళ్లను అడగండి. తెల్లవారుజామున వస్తే పట్టుకోవాల్సింది మీరే. పై అంతస్తయితే నీళ్లు ఎక్కుతాయో లేదో కూడా అడగండి.

నా మాట మీద కూడా పూర్తిగా ఆధారపడొద్దు. ఒక సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు పాపను వెంటబెట్టుకుని రెండు ఇళ్ల దగ్గర నుంచీ న్యూటౌన్ బడి దాకా పోయి చూడండి. ఆయన్నీ తీసుకెళ్లండి, ఒక్కరోజు సెలవు పెట్టమనండి.