మిద్దె కూల్చేముందు దంతెలు లెక్కపెట్టండి: ఇల్లు–కట్టడం పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తిరుపతి గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు 30 అంకణాల్లో (అంకణం అంటే 36 చదరపు అడుగులు) పాత మిద్దె ఉంది. కింద అంగళ్ళు, పైన కాపురం. పద్దెనిమిది అంగుళాల సున్నపు గోడలు, పైకప్పును మోసే టేకు దంతెలు. తీసేసి కొత్తది కట్టుకోవాలనుకుంటున్నాం. పాత సామాన్ల వ్యాపారి ఒకాయన కొయ్య, తలుపులు, ఇనుము తనకు వదిలేస్తే కూలి అడగకపోగా ఎదురు డబ్బు ఇస్తానంటున్నాడు. జేసీబీ పెట్టి నాలుగు రోజుల్లో నేలమట్టం చేస్తాడట. ఒప్పుకోవచ్చా?

జవాబు: టేకు ఉన్న మిద్దెకు ఎదురు డబ్బు రావడం మామూలే. చిక్కంతా కూల్చే వరసలో వస్తుంది. కొయ్య కోసం వచ్చినవాడి కన్ను మొదట కొయ్య మీదే పడుతుంది. గోడలు ఏమైనా కానీ, దంతెలు పగలకుండా బండెక్కితే ఆయన పని అయిపోయినట్టే. మిద్దె మాత్రం ఆ వరసను ఒప్పుకోదు.

ఎందుకో చెప్తాం. మీది మద్రాసు మిద్దె. అడుగున్నరకు ఒకటి చొప్పున దంతెలు. వాటి మీద పలచటి చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చారు. ఆపైన మూడంగుళాల సున్నపు జల్లి దిమ్మిస చేసి, పైన పలక పెంకులు పరిచారు. మొత్తం ఏడంగుళాల మందం. పది బై పది గది పైకప్పు ఒక్కటే మూడు టన్నుల దాకా తూగుతుంది. ఆ బరువే గోడ తలను అదిమి పట్టుకుంటుంది. గోడలోకి దూరిన దంతె కొనలు గోడ అటో ఇటో ఒరగకుండా ఆపుతాయి. దంతెను తాడు కట్టి లాగారంటే కప్పుతోపాటు గోడకున్న ఆసరా కూడా పోతుంది. ఏళ్ళ తరబడి వాన కారిన చోట సున్నం బూడిదలా రాలుతుంటుంది కాబట్టి, గోడ పడేముందు పెద్దగా చప్పుడు కూడా చేయదు.

కట్టిన వరసకు సరిగ్గా తిరగేసి కూల్చాలి. కూల్చివేత భద్రతకున్న భారత ప్రమాణం ఐఎస్ 4130 సారాంశం కూడా ఇదే. ముందు కరెంటు సర్వీసు తీయించి, మీటరు అప్పగించి రసీదు తీసుకోండి. మీటరు దగ్గర ఫ్యూజు పీకినంత మాత్రాన స్తంభం నుంచి వచ్చే తీగలో కరెంటు పోదు. కొళాయి కనెక్షను మూయించండి. తలుపుల రెక్కలు, కిటికీ రెక్కలు తీసేయవచ్చు. గుమ్మాలను, ద్వారబంధాలను ముట్టుకోవద్దు. చాలా పాత గోడల్లో పై ఇటుక బరువు మోసేది ఆ కొయ్యే.

తర్వాత ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని, ప్రతి దంతెనూ గోడలోకి దూరే చోట పొడిచి చూడండి. చేతి బలంతోనే అంగుళం దిగిందంటే లోపల చెద పట్టిందనో, చివికిందనో అర్థం. నడుమ గట్టిగా మోగే దంతె కూడా కొన దగ్గర పిండి అయిపోయి ఉంటుంది. అలాంటివి ఉన్న గదిలో, పైకి మనిషి ఎక్కకముందే సరుగుడు బొంగులతోనో ఇనుప జాకీలతోనో ఆసరా పెట్టాలి. బొంగు కింద పలక వేయకపోతే పాత గచ్చులోకి దిగబడిపోతుంది. పై అంతస్తులో పెట్టే ఆసరాకు కింది అంతస్తులో కూడా సరిగ్గా దాని కిందే మరొకటి ఉండాలి.

ఇక పిట్టగోడతో మొదలుపెట్టి, ఇటుకలను లోపలివైపుకే దించాలి. కప్పును దంతెల వెంబడి గజం వెడల్పు పట్టీలుగా, ఒక గోడ నుంచి రెండో గోడ దాకా తీసుకుంటూ పోవాలి. నడిమధ్యలో గడ్డపార వేస్తే ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడ్డ ఇటుకలు పట్టు తప్పి బారుగా రాలిపోతాయి. మనిషి నిలబడాల్సింది దంతెలకు అడ్డంగా వేసిన పలక మీద. కింద గదికి తాళం వేయాల్సిందే. ఇటుక అంతా పోయాక దంతె కొనల చుట్టూ గోడ తొలిచి, రెండు కొనలకూ తాడు కట్టి దించాలి. గడ్డపారతో మీటారో, గోడ కూడా కదులుతుంది. ఏ గది దంతెలు తీస్తే ఆ గది గోడలను సాయంత్రానికి ఛాతీ ఎత్తుకు దించేయండి. ఆసరా లేని గోడను రాత్రికి వదలొద్దు.

జేసీబీ ఆఖరున వస్తుంది. గోడలు ఛాతీ ఎత్తుకు దిగాక, పునాదులు పెకలించడానికి, శిథిలాలు ఎత్తడానికి. ఎనిమిది మంది మనుషులతో మీ మిద్దెకు మూడు వారాలకు తక్కువ పట్టదు. నాలుగు రోజులన్న మాట అక్కడే తేలిపోతోంది.

ఆ వ్యాపారిని వద్దనక్కర్లేదు, కాగితం మాత్రం మీ వైపు నుంచి రాయండి. నాలుగు బై ఆరంగుళాల దంతె పదడుగులుంటే ఒకటిన్నర ఘనపుటడుగు పైమాటే. రెండు కప్పులకు కలిపి మీ ఇంట్లో నూట ఇరవై దాకా ఉండొచ్చు, అంటే దగ్గర దగ్గర రెండు వందల ఘనపుటడుగుల టేకు. గుమ్మాలు, దూలాలు వేరే. ఇవన్నీ లెక్కపెట్టి, కొలిచి, సుద్దతో నెంబర్లు వేసి ఫొటోలు తీశాక ధర మాట్లాడండి. ఒక అంతస్తు గోడలు దిగి, శిథిలాలు బయటికి పోయాకే ఆ అంతస్తు కొయ్య గేటు దాటాలని షరతు పెట్టండి. ఈ ఒక్క షరతు ఉంటే వరస దానంతటదే దారికి వస్తుంది. ఒప్పుకోనివాడికి పని ఇవ్వకండి.

ప్రశ్న: ఇల్లు కూల్చాక ప్లాను పెట్టుకుంటే సరిపోతుందా, ముందే పెట్టాలా? (తిరుపతి)

జవాబు: ముందే. పాత వీధుల్లో మిద్దెలు కాలువ అంచు దాకా, పక్క గోడలు ఆనించి కట్టినవి. కొత్త ప్లానుకు 2017 ఏపీ భవన నిర్మాణ నిబంధనల ప్రకారం చుట్టూ ఖాళీ వదలాలి. మాస్టర్ ప్లానులో మీ వీధి వెడల్పు పెరిగి ఉంటే ముందువైపు కొంత స్థలం రోడ్డుకు పోతుంది. ముప్ఫై అంకణాల స్థలంలో ముందు మూడడుగులు పోతేనే కింది అంగడి అంగడిలా ఉండదు. లైసెన్సు ఉన్న సర్వేయరుతో ఉన్నది ఉన్నట్టు కొలిపించి, కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగంలో రోడ్డు వెడల్పు, గుడి దగ్గరి ఎత్తు పరిమితి, రోడ్డుకు పోయే స్థలానికి బదులుగా టీడీఆర్ బాండు (మరోచోట అదనంగా కట్టుకోవడానికో, అమ్ముకోవడానికో పనికొచ్చే నిర్మాణ హక్కు పత్రం) వస్తుందా అన్నవి తేల్చుకోండి. లెక్క చూశాక, కూల్చడం కంటే దంతెలు మార్చి మిద్దెను బాగుచేసుకోవడమే లాభమని తేలిన ఇళ్ళు కూడా ఉంటాయి. అంగళ్ళలో బాడుగకున్నవాళ్ళు ఖాళీ చేసినట్టు రాతపూర్వకంగా ఇచ్చేదాకా గడ్డపార ఎత్తొద్దు.

ప్రశ్న: మా పక్కింటివాళ్ళు కూల్చడం మొదలుపెట్టారు. నడుమ గోడ ఇద్దరిదీ. మా దంతెలు కూడా దాంట్లోనే ఉన్నాయి. మేం ఏం చూసుకోవాలి? (బేరి వీధి, తిరుపతి)

జవాబు: ఉమ్మడి గోడను ఒకరి ఇష్టంతో తీయడానికి వీల్లేదు, పలచన చేయడానికీ వీల్లేదు. ఆ మాట ఇవాళే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

మీ ఇంట్లో ఇప్పుడున్న ప్రతి పగులునూ స్కేలు పక్కన పెట్టి, తేదీ కనబడేలా ఫొటో తీయండి. పెద్ద పగుళ్ళకు అడ్డంగా చిన్న గాజు పలకను రెండు కొనలా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని తెలుస్తుంది. అప్పుడు పని ఆపించి ఇంజనీరును పిలవండి. విరగలేదంటే అది పాత పగులే, కంగారు పడొద్దు.

వాళ్ళ దంతెలు తీశాక గోడలో వరసగా బొక్కలు మిగులుతాయి. వాటికి అటువైపు మీ దంతె కొనలు ఉంటాయి, నడుమ నాలుగంగుళాల ఇటుకే అడ్డం. ఆ బొక్కలను ఏ రోజుకారోజు ఇటుక, సిమెంటుతో గట్టిగా పూడ్చాలి. చాలామంది కాంట్రాక్టర్లు శిథిలాల ముక్కలు కుక్కి పైన పూత పూసేస్తారు, వేలితో నొక్కి చూస్తే తెలిసిపోతుంది.

ఇంతకాలం ఇంటిలోపల ఉన్న ఆ గోడ ముఖం ఇప్పుడు వానకు బయటపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు కురిసేది ఈశాన్య రుతుపవనం, 2021 నవంబరులో తిరుపతి ఏమైందో అందరం చూశాం. వానలకు ముందే ఆ ముఖానికి పూత పడాలి, గోడ నెత్తిన సిమెంటు కప్పు పోయాలి. కూల్చడానికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. మేలో గంగమ్మ జాతర వారంలో ఎలాగూ ఆ సందుల్లో ట్రాక్టరు కదలదు.

అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. కొత్త పునాదికో సెల్లారుకో మీ గోడ పునాది కంటే లోతుగా, గోడ పొడవునా ఒకేసారి తవ్వితే మీ పునాది కింద మన్ను పక్కకు జారుతుంది. గోడ వెంబడి నాలుగడుగుల గడులుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, అందులో కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాకే పక్క గడి తెరవాలి. ఈ మాట కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ప్రశ్న: చిత్తూరులో మాది పాత స్లాబు బిల్డింగు, రెండంతస్తులు, రోడ్డు మీదికి నాలుగడుగుల బాల్కనీ. దీనికీ ఇదే పద్ధతా?

జవాబు: వరస అదే, ప్రమాదం వేరు. బాల్కనీ నిలబడింది దాని వెనక ఉన్న స్లాబు, గోడ బరువుతో. వెనక గోడ ముందు తీసేస్తే బాల్కనీ రోడ్డు మీదికి తిరగబడుతుంది. కాబట్టి కింద ఆసరా పెట్టి బాల్కనీని, సన్‌షేడ్లను ముందు తీయాలి. పాత బాల్కనీల్లో కమ్మి పైభాగంలో ఉండాల్సింది, పోసేటప్పుడు తొక్కుళ్ళకు కిందికి దిగిపోయిన కేసులు ఎక్కువ. ఇన్నేళ్ళూ నిలిచింది కదా అని దాని మీదికెక్కి సుత్తి వేయొద్దు.

రెండోది, శిథిలాలను స్లాబు మీద కుప్ప పోయడం. ఇళ్ళ స్లాబుకు లెక్కలో పట్టే జనం, సామాన్ల బరువు చదరపు మీటరుకు రెండు వందల కిలోలు. అడుగు మందం శిథిలాల కుప్ప అంతే చోట నాలుగు వందలు దాటుతుంది. పై అంతస్తు కూల్చుతుండగా కింది స్లాబు కూలిందని వింటే, కారణం దాదాపు ఇదే అయి ఉంటుంది. ఏ పూటకాపూట దించేయాలి. బ్రేకర్ మిషను పెట్టి నడుమ నుంచి అంచులకు కాంక్రీటు తీసి, కమ్మిని చివర్లో కోయాలి. వెయ్యి చదరపు అడుగుల అయిదంగుళాల స్లాబు ఇరవై ఎనిమిది టన్నుల దాకా తూగుతుంది, అందులో కమ్మి ఒక టన్నుకు అటూ ఇటూ. పాత ఇనుము ధర మాట్లాడేటప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకోండి. మేడ మీద ఆస్బెస్టాస్ రేకులుంటే పగలగొట్టకుండా నీళ్ళతో తడిపి, మేకులు విప్పి నిండు రేకులుగా దించండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ప్రశ్న: 30 అంకణాల మిద్దె కూల్చితే ఎన్ని ట్రాక్టర్లు మట్టి వస్తుంది?

జవాబు: ముప్ఫై ఆరు బై ముప్ఫై అడుగుల స్థలం, పద్దెనిమిది అంగుళాల గోడలు, రెండంతస్తులు అనుకుంటే గోడలు, కప్పులు కలిపి ఆరు వేల ఘనపుటడుగుల పైచిలుకు. విరిగాక ఒకటిన్నర రెట్ల దాకా ఉబ్బుతుంది. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టరుకు ఎనభై అయిదు, తొంభై ట్రిప్పులు. బరువు మూడు వందల టన్నులు దాటుతుంది. 2016 కేంద్ర నియమాల్లో రోజుకు ఇరవై టన్నులు లేదా నెలలో మూడు వందల టన్నులు దాటేవాళ్ళు ఇటుక, మన్ను, కొయ్య, ఇనుము వేరుచేసి, ముందే ప్రణాళిక ఇవ్వాలని ఉండేది. ఇప్పటి నియమం ఏమిటో, ఎక్కడ పోయాలో కార్పొరేషన్‌ను అడిగి రాయించుకోండి. కాలువలోనో చెరువులోనో పోస్తే ట్రాక్టరు డ్రైవరు చెప్పేది మీ పేరే.

సున్నపు గోడ ఇటుకకు అంటిన సున్నం కర్ణెతో గీకితే ఊడిపోతుంది, నిండు ఇటుకలు చాలా దక్కుతాయి. సిమెంటు గోడలో ఆ ఆశ పెట్టుకోవద్దు. ముక్కలను కొత్త ఇంటి బేస్‌మట్టం నింపడానికి వాడుకోవచ్చు, రెండడుగుల ఎత్తుకు ఇరవై ట్రాక్టర్లు అక్కడే ఖర్చవుతాయి. కొయ్య పేడులు మాత్రం ఏరేయండి, చెదలకు అంతకన్నా విందు లేదు.

ప్రశ్న: పెరట్లో పాత బావి ఉంది. శిథిలాలతో పూడ్చేయమంటున్నారు.

జవాబు: వద్దు. ఇటుక ముక్కల నడుమ ఖాళీలు ఏళ్ళ తరబడి సర్దుకుంటూనే ఉంటాయి, దాని మీద స్తంభం పడితే ఆ మూల దిగుతుంది. స్తంభాలను బావికి దూరంగా జరిపించండి, లేదా బావికి ఇటూ అటూ పునాదులు వేసి పైన బీము దాటించమని ఇంజనీరుకు చెప్పండి. బావిని ఉంచుకుని మేడ మీది వాన నీళ్ళను వడగట్టి అందులోకి వదలడం మేలు. పూడ్చక తప్పదంటే నీళ్ళు తోడి, అడుగున పేరుకున్న బురద ఎత్తించి, ఇసుకను అడుగు చొప్పున పోస్తూ నీళ్ళతో తడిపి దిమ్మిస కొట్టించండి. దిగేముందు దీపం దించి చూడండి. అది ఆరిపోతే మనిషి దిగకూడదు, ఆరకపోయినా నడుముకు తాడు లేకుండా దించొద్దు.